చెల్లి ఉత్తరం వెనకాల ఏం వినిపించాలి? ఒక ప్రాజెక్టు డైరీ

డిసెంబరు మొదట్లో

మా బాబాయి కూతురి పెళ్లి మాఘమాసంలో, కాకినాడలో. అది టోక్యోలో ఉద్యోగం చేస్తోంది. రిసెప్షన్‌లో అమ్మానాన్నలకి రాసిన ఉత్తరం చదువుతానని, వెనకాల మ్యూజిక్ సంగతి నన్ను చూడమని ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఆడియో పుస్తకాలు ఎడిట్ చేయడం నా వృత్తి. దాంతో ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా మైకుల పని నాకే తగులుతుంది.

ఈ ఆలోచన దానికి అక్కడి పెళ్లిళ్లలో వచ్చింది. జపాన్‌లో పెళ్లి విందు ముగిసేముందు పెళ్లికూతురు తల్లిదండ్రులకి రాసుకున్న ఉత్తరం అందరి ముందూ చదువుతుంది. హనయోమె నో తెగామి అంటారు. రెండువైపుల తల్లిదండ్రులూ హాలు అవతలి చివర, తలుపుల దగ్గర వరసగా నిలబడతారు. ఇవతలి చివర పెళ్లికూతురు ఉంటుంది. చదవడం అయ్యాక పూలగుత్తులో, కానుకలో తీసుకెళ్లి ఇస్తారు. తాము పుట్టినప్పుడు ఎంత బరువున్నారో అంతే తూగే బియ్యం మూట ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మా చెల్లికి ఆ బియ్యం సంగతి తెగ నచ్చింది కానీ, కాకినాడలో నాన్న చేతికి బియ్యం మూట ఇస్తే 'రేషనా?' అని ఎవడో ఒకడు అంటాడని మానేసింది.

"అక్కడ వెనకాల ఏం వేశారు?" అని అడిగాను.

"పియానో అన్నయ్యా. ఉందో లేదో తెలీనంత మెల్లగా."

మనకి అప్పగింతలు ఉన్నాయి కదా, మళ్లీ ఇదెందుకు అని కూడా అడిగాను. దానికది ముందే ఆలోచించుకుంది. అప్పగింతల్లో పురోహితుడు శ్లోకం చదువుతాడు. ముత్తయిదువులు అత్తవారింట ఎలా మసులుకోవాలో బుద్ధులు చెప్పే పాట పాడతారు. సన్నాయివాళ్లు వాయిస్తారు. నాన్న, అమ్మ పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. "అందరికీ ఏదో ఒకటి చెప్పడానికి ఉంటుంది. నాకు మాత్రం ఏడవడం ఒక్కటే పని. ఆ రోజు నాకు మాట్లాడాలనుంది," అంది.

అక్కడే నా పని తేలిపోయింది. దాని మాట ఆఖరి వరసలో కూర్చున్న పెద్దమ్మకి కూడా స్పష్టంగా వినపడాలి. సంగీతం గురించి ఏ నిర్ణయమైనా దీని తర్వాతే.

డిసెంబరు మూడో వారం

చెల్లి స్నేహితులు, కజిన్స్ తలా ఓ లిస్టు పంపారు. దాదాపు అన్నీ సినిమా పాటలే. తండ్రీకూతుళ్ల పాటలు, అమ్మ పాటలు, వీడ్కోలు పాటలు. ఉత్తరం డ్రాఫ్టు ఫోన్‌లో రికార్డు చేసి పంపమన్నాను. ఆ గొంతు కింద ఒక్కొక్కటీ పెట్టి విన్నాను.

మాటలున్న పాటలు మొదటి వాక్యానికే పోయాయి. ఒకేసారి ఇద్దరు తెలుగు మాట్లాడుతుంటే చెవి ఎవరిని పట్టుకోవాలి? సరే, వీణ మీదా వేణువు మీదా వాయించిన వెర్షన్లు తీసుకున్నాను. అవీ కుదరలేదు. మనవాళ్లకి పల్లవి మొదటి రెండు స్వరాలు వినపడితే చాలు, మాటలు లోపల వాటంతటవే పాడుకుంటాయి. వెంటనే ఆ సినిమా, ఆ సీను, ఆ హీరో మొహం వచ్చేస్తాయి. చెల్లి వాళ్ల నాన్న గురించి చదువుతుంటే హాల్లో సగం మంది ఇంకెవరో తండ్రిని గుర్తుచేసుకుంటూ కూర్చుంటారు. జనానికి ముందే తెలిసిన ట్యూన్ ఏదీ వద్దని ఆ రోజే రాసి పెట్టుకున్నాను.

ఒక్కదానికి మాత్రం మనసు ఊగింది. ఆకాశవాణి ప్రసారాల మొదట్లో వచ్చే ఆ పాత ట్యూన్. నాజీల బెడద నుంచి తప్పించుకుని బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ అనే సంగీతకారుడు 1930ల్లో కట్టాడు దాన్ని. తంబూరా మీద వయొలిన్, శివరంజని ఛాయ. బాబాయి ఆర్టీసీ డ్రైవరు. నైట్ సర్వీసు దిగి ఇల్లు చేరేసరికి రేడియోలో భక్తిరంజని వస్తుండేది. ఉత్తరంలో ఆ రేడియో ప్రస్తావన కూడా ఉంది. ఇంతకన్నా సరైనది ఏముంటుందని మా అమ్మకి వినిపించాను. అమ్మ శ్రద్ధగా వింది. "బాగుంది గానీ, ఇది అవ్వగానే వార్తలు చదువుతారేమోనని చూస్తారు అందరూ," అంది. తీసేశాను.

హక్కుల సంగతి కూడా ఇదే వారం చూసుకున్నాను. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(జెడ్ఏ) ప్రకారం పెళ్లి ఊరేగింపుల్లో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వినిపించడం ఉల్లంఘన కిందికి రాదు. 2023 జులైలో కేంద్రం ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చి ఇదే మాట మళ్లీ చెప్పింది. కాబట్టి హాల్లో ఏం వేసినా గొడవ లేదు. కానీ ఆ వీడియో నెట్‌లో పెడితే ఈ మినహాయింపు అక్కడికి రాదు. రికార్డింగ్ ఎవరిదో సాఫ్ట్‌వేర్ పట్టేసి సౌండు తీసేస్తుంది. ఉత్తరం వీడియోలో సౌండు పోతే ఇంకేం మిగిలింది? జపాన్‌లో ఇది ఇంకా గట్టిగా పాటిస్తారట. కాపీ చేసుకున్న సీడీ ఒప్పుకోరు, ఒరిజినల్ సీడీ తెమ్మంటారని చెల్లి చెప్పింది. అన్ని లెక్కలూ చూసుకుంటే మేమే కొత్తగా వాయించి రికార్డు చేసుకోవడం మేలనిపించింది.

జనవరి మొదట్లో

ఇక రాగం సంగతి. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు, వినేవాణ్ణి. అందుకని మా కాలనీలో వీణ నేర్పే టీచర్ గారి దగ్గరికి ఉత్తరం కాపీ పట్టుకుని వెళ్లాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "శివరంజని, ముఖారి నేను వాయించను బాబూ. అమ్మాయి నోరు తెరవకముందే అవి ఏడుపు మొదలుపెడతాయి," అన్నారు. నాకూ అదే అనిపించింది. ఈ ఉత్తరంలో సగం నవ్వుకునే సంగతులు. పిన్ని ప్రతి సోమవారం టిఫిన్ బాక్సులో అదే నిమ్మకాయ పులిహోర పెట్టి, అది తినకుండా తెస్తే సాయంత్రం తాలింపు కొత్తగా వేసి మళ్లీ పెట్టడం లాంటివి.

నీలాంబరి అయితేనో అన్నారావిడ. శంకరాభరణం నుంచి పుట్టిన రాగం. జోలపాటల రాగం అని పేరు. ఆ సాయంత్రమే చెల్లికి ఫోన్ చేశాను. మనకన్నా వాళ్లు మూడున్నర గంటలు ముందుంటారు, అప్పటికే నిద్రమత్తులో ఉంది.

"నాన్న నాకు జోల పాడింది ఎప్పుడు అన్నయ్యా? పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి పగలు పడుకునేవాడు. మేమే చప్పుడు చేయకుండా ఉండేవాళ్లం. అమ్మ కుక్కర్ కూడా పెట్టేది కాదు."

నీలాంబరి కొట్టేద్దామనుకున్నవాణ్ణి ఈ మాటతో ఆగిపోయాను. ఉత్తరంలో సరిగ్గా ఆ భాగం ఉంది: పగటిపూట తలుపులు దగ్గరగా వేసి, ఇల్లంతా గుసగుసగా మాట్లాడుకున్న రోజులు. ఆ జోల నాన్నకి. ఈ సంగతి హాల్లో ఎవరికీ తెలియాల్సిన పని లేదు, మాకు తెలిస్తే చాలు. నీలాంబరి అక్కడికి ఖాయం.

చివరి భాగానికి మధ్యమావతి అని టీచర్ గారు అడక్కుండానే చెప్పారు. కచేరీ ముగింపులో పాడే మంగళకరమైన రాగం. పెళ్లింట్లో ఎవరూ కాదనరు. నాకు నచ్చిన కారణం వేరు. అందులో ఉండేవి స రి మ ప ని, అంతే. గాంధారం లేదు, ధైవతం లేదు. నా చెవికి ఒక రాగం దిగులుగా ఉందా, హుషారుగా ఉందా అనేది ఎక్కువగా గాంధారమే చెప్పేస్తుంది. అది లేకపోవడంతో మధ్యమావతి ఎటూ తీర్పు చెప్పదు. చెల్లి అక్కడ చదివే వాక్యాన్ని బట్టి ఎవరికి ఏది అనిపిస్తే అదే.

ఇంకో నిర్ణయం కూడా అదే రోజు తీసుకున్నాం. అంతా ఆలాపనే, తాళం ఉండదు. మనిషి ఉత్తరం చదువుతూ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ గొంతు పట్టేస్తుందో ముందు తెలీదు. తాళం ఉన్న సంగీతం ఎవరికోసమూ ఆగకుండా ముందుకు నడుస్తుంది. చదివే మనిషి వెనకబడినట్టు అవుతుంది. ఆలాపనకి ఆ హడావుడి లేదు, ఎక్కడైనా ఆపొచ్చు, ఎక్కడైనా అందుకోవచ్చు.

సంక్రాంతి తర్వాత

రికార్డింగ్ టీచర్ గారింట్లోనే, పడకగదిలో. దుప్పట్లు, బొంతలు పేర్చిన అలమర తలుపులు తెరిచి, దానికి ఎదురుగా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. గది ప్రతిధ్వని బాగా తగ్గింది. ఫ్యాన్ బంద్, ఫ్రిజ్ బంద్. ఆవిడది బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణ, వాళ్ల అమ్మగారి నాటిది. మైకు మోగే తీగల మీదికి కాకుండా కుండకి కాస్త పక్కగా పెట్టాను. నేరుగా పెడితే ప్రతి మీటూ టక్కు టక్కుమని పడుతోంది.

శ్రుతి దగ్గర చాలాసేపు పట్టింది. చెల్లి మామూలుగా మాట్లాడే గొంతు 200 హెర్ట్జ్ చుట్టుపక్కల తిరుగుతోంది. ఆవిడ మామూలుగా పెట్టుకునే నాలుగు శ్రుతిలో షడ్జం, అంటే స, 175 దగ్గర పడుతుంది. తంబూరా, గొంతు ఒకదానికొకటి రాసుకుంటున్నట్టు వినిపించింది. మూడు శ్రుతికి దించమని అడిగితే ఆవిడ తీగలు సడలించి చూసి, పర్వాలేదన్నారు. వాయించేది కూడా ఎక్కువగా మంద్రంలో, అంటే కింది స్థాయిలోనే వాయించమన్నాను. అప్పుడు వీణ సుమారు 82 నుంచి 165 హెర్ట్జ్ మధ్య, చెల్లి గొంతుకి కింద ఉంటుంది. పైన చోటంతా దాని మాటలకే.

తీసుకున్నవి ఇవి: ఎక్కడా అతుకు తెలియకుండా ఎంతసేపైనా తిరిగే తంబూరా ట్రాకు, నీలాంబరిలో చిన్న చిన్న సంచారాలు కొన్ని, మధ్యమావతిలో కొన్ని. ఒక్కో ముక్క పది, ఇరవై సెకన్లకి మించదు. ప్రతి ముక్కా షడ్జం మీదో పంచమం మీదో వాలాలని అడిగాను, ఎక్కడ ఆగినా తెగినట్టు ఉండదని. రెండు రాగాలకీ ఒకటే షడ్జం కాబట్టి, మధ్యలో తంబూరా సాగుతుంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లడం కష్టం కాలేదు.

డబ్బు తీసుకోనన్నారు టీచర్ గారు. తాంబూలంలో పెట్టి ఇచ్చాను. పెళ్లికి మాత్రం తప్పకుండా వస్తానన్నారు.

జనవరి చివర

ఆడియో పుస్తకాల్లో నాకు అలవాటైన పద్ధతి ఒకటుంది. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో డక్ అని ఉంటుంది. గొంతు వచ్చినప్పుడల్లా మ్యూజిక్ దానంతటదే తగ్గుతుంది. కానీ అది గొంతు ముందే రికార్డయి ఉన్నప్పుడు. ఇక్కడ గొంతు స్టేజి మీద అప్పటికప్పుడు వస్తుంది. అందుకని అన్నీ కలిపి ఒకే ఫైలు చేసే ఆలోచన పూర్తిగా మానేశాను. తంబూరా ఒక ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) మీద, వీణ ముక్కలు ఇంకో ఫేడర్ మీద. లాప్‌టాప్‌లో ఒక్కో ముక్కకీ ఒక్కో కీ. చెల్లి ఊపిరి తీసుకున్నచోట నేను వేలితో వదలాలి.

వీణ ట్రాకులో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య నాలుగు డెసిబెల్స్ దాకా తగ్గించాను. హల్లులు స్పష్టంగా వినపడేది అక్కడే. చ, స, ట లాంటివి మీటు చప్పుడులో కలిసిపోతే వినేవాళ్లకి ప్రతి మూడో మాటా ఊహించుకోవాల్సి వస్తుంది. మొత్తం మీద సంగీతం గొంతుకన్నా 18 డెసిబెల్స్ కింద పెడితే బాగుందనిపించింది. ఇంట్లో వింటే మరీ తక్కువగా ఉందనిపిస్తుంది. ఉండనీ.

ఉత్తరం కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాను. పిన్ని పులిహోర దగ్గర వీణ పూర్తిగా ఆగాలి. జనం నవ్వుతున్నప్పుడు వెనకాల భావం పొంగుతూ ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. రేడియో, పగటి నిద్ర భాగానికి నీలాంబరి. ఆ తర్వాత ఒక వాక్యం ఉంది: బాబాయి తెల్లవారుజామున వచ్చి, ఎవరికీ మెలకువ రాకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచేవాడని. దాని కింద తంబూరా తప్ప ఏమీ వద్దు. అత్తగారింటి గురించి, టోక్యో గురించి చెప్పే చివరి పేరాకి మధ్యమావతి.

చెల్లికి ఇచ్చిన సూచనలు కూడా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. ఉత్తరం ఫోన్‌లో చూసి చదవొద్దు, సరిగ్గా అప్పుడే స్క్రీన్ ఆరిపోతుంది. దళసరి కాగితం మీద పెద్ద అక్షరాల్లో, ఒకవైపే. పిన్ను కొట్టొద్దు, పేజీ తిప్పితే ఆ చప్పుడు మైకులో ఉరుములా వస్తుంది. మైకు స్టాండుకే ఉండాలి, నోటికి జానెడు లోపు. గాజులున్న చేత్తో మైకు పట్టుకుంటే గాజుల చప్పుడే వినాలి అందరూ.

పెళ్లికి రెండు రోజుల ముందు, కాకినాడ

ఫంక్షన్ హాలు చూశాను. కింద టైల్స్, పైన ఎత్తయిన సీలింగు, పక్కన అద్దాలు. చప్పట్లు కొడితే చప్పుడు తిరిగి తిరిగి వస్తోంది. జనం నిండితే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఈవెంట్ వాళ్ల సౌండ్ కుర్రాడు మైకు ఆన్ చేసి 'హలో చెక్' అన్నాడు. ఆ ఒక్క మాట గోదావరి గట్టు దాటి తిరిగొచ్చినంతసేపు మోగింది. యాంకర్ గొంతు గంభీరంగా ఉంటుందని ఎకో నిండా పెట్టేస్తారు. ఉత్తరానికి అది పూర్తిగా సున్నా చేయాలని అడిగాను.

"సార్, ఎకో లేకపోతే గొంతు తేలిపోతుంది."

"తేలిపోనీ తమ్ముడూ. చెల్లి గొంతు మా బాబాయికి రోజూ వినే గొంతులాగే వినపడాలి."

ఒప్పుకున్నాడు. తర్వాత వాడి దగ్గరున్న సెంటిమెంట్ ట్రాకు వినిపించాడు, అన్ని పెళ్లిళ్లకీ ఇదే వేస్తాం, సూపర్‌గా ఏడుస్తారు అని. నిజమే, అరనిమిషంలో నాకే గొంతు పట్టేసింది. అందుకే వద్దన్నాను.

మిగతావి చకచకా అయిపోయాయి. బ్లూటూత్ వద్దు, వైరుతోనే కనెక్షన్. లాప్‌టాప్ పోతే అని పెన్‌డ్రైవ్‌లో తంబూరా ట్రాకు. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాను, వాడి మిక్సర్ వేరే ఫార్మాట్ చదవట్లేదు. జనరేటర్‌కి మారేటప్పుడు క్షణం కరెంటు పోతుంది కాబట్టి మిక్సర్‌కి యూపీఎస్.

రిసెప్షన్ అయ్యాక

సరిగ్గా భోజనాలు లేచే వేళ కాకుండా, దానికి ముందే పెట్టించాను. జపాన్‌లోలాగా చివర్లో పెడితే మనవాళ్లు అప్పటికి ఐస్‌క్రీమ్ దగ్గర ఉంటారు. బాబాయినీ పిన్నినీ మొదటి వరసలో కూర్చోబెట్టాం. వాళ్లకి అప్పటిదాకా ఏమీ తెలీదు.

చెల్లి మొదలుపెట్టకముందే తంబూరా వదిలాను. ఎవరూ తల తిప్పలేదు. చెల్లి 'నాన్నా, అమ్మా' అనేసరికి మాత్రం హాలు సద్దుమణిగింది. పులిహోర దగ్గర నవ్వులు అనుకున్నదానికన్నా ఎక్కువసేపు వచ్చాయి. పిన్ని పక్కనున్నావిడతో 'ఒక్కసారే వేశాను తాలింపు' అంటోంది. నీలాంబరి అనుకున్నచోటే పడింది, మంద్రంలో, గొంతు కిందనే ఉండిపోయింది. టీచర్ గారు మూడో వరసలో కళ్లు మూసుకుని వింటున్నారు, వీణనో ఉత్తరాన్నో.

చెప్పుల వాక్యం చదివి చెల్లి ఆగిపోయింది. చాలాసేపే ఆగింది. తంబూరా అలా సాగుతూనే ఉంది. నా వేలు మధ్యమావతి కీ మీద ఉంది, వదలాలా వద్దా అనుకుంటున్నాను. ఇంతలో మొదటి వరసలోంచి బాబాయి, మైకు లేకుండానే, బస్సులో వెనక సీటుకి వినపడేట్టు కేకేసే ఆ గొంతుతో అడిగాడు:

"అయితే అప్పుడు నువ్వు నిద్రపోలేదా?"

హాలంతా ఒక్కసారి నవ్వింది. చెల్లి కూడా. కళ్లు తుడుచుకుని "లేదు నాన్నా, నటించేదాన్ని," అంది. అది ఉత్తరంలో లేదు. నేను వీణ ఫేడర్ కిందికి లాగి ఉంచాను. ఆ ఇద్దరూ మాట్లాడుకుంటుంటే మధ్యలో ఇంకేం కావాలి? చెల్లి మళ్లీ కాగితం చూసి చివరి పేరా అందుకున్నాక మధ్యమావతి మొదటి ముక్క వదిలాను.

మార్చి మొదటి వారం

వీడియో పని పూర్తయింది. హాల్లో సరిపోయిన మిక్స్ ఫోన్‌లో పనికిరాలేదు. ఫోన్ స్పీకర్‌లో 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు కాబట్టి మంద్రంలో వాయించిన వీణ మొత్తం మాయమైంది. పిన్ని రోజుకి రెండుసార్లు చూస్తోంది ఆ వీడియో. "వీణ వీణ అన్నావు, ఏదిరా?" అని ఫోన్ చేసింది.

టీచర్ గారిని మళ్లీ బతిమాలి అవే సంచారాలు మధ్యస్థాయిలో వాయింపించాను. ఫోన్ కోసం విడిగా ఇంకో మిక్స్ చేశాను: వీణ ఒక స్థాయి పైన, శబ్దం ఇంకో మూడు డెసిబెల్స్ తక్కువ, బాబాయి కేక మాత్రం కొంచెం పెంచి. నిన్న రాత్రి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. వీణ ఇప్పుడు వినపడుతోందట. తాలింపు సంగతి కట్ చేయొచ్చుగా అంటోంది పిన్ని.